పోటు చూసి పడవెక్కండి: గోదావరి డెల్టాలో అడవి జీవాలను చూసే పద్ధతి

గోదావరి డెల్టాకి అడవి జీవాలను చూద్దామని వచ్చి, "బురదా చెట్లూ తప్ప ఏమీ కనపడలేదండీ" అంటూ తిరిగెళ్ళేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళు వెళ్ళిన చోటు సరైనదే, వేళ కుదరలేదంతే. కొండ అడవుల్లో జంతువులు ఎండనీ నీడనీ బట్టి తిరుగుతాయి. ఉప్పునీళ్ళలో పెరిగే ఇక్కడి మడ అడవిలో తిండి ఎక్కడ దొరుకుతుందో, ఎప్పుడు దొరుకుతుందో తేల్చేవి పోటూ పాటూ. సముద్రపు నీళ్ళు పొంగి కాలువల్లోకి ఎక్కితే పోటు, వెనక్కి తీస్తే పాటు. పోటుతో చేప లోపలికి వస్తుంది. పాటుకి బురద బయటపడి పీత కన్నంలోంచి పైకి వస్తుంది. వాటి వెనకే నీటికుక్క (ఆటర్), నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్), కొంగ, గద్ద. అందుకే ఇక్కడ గది బుక్ చేసుకునే ముందు పోటు లెక్క కట్టుకోవాలి.

ఈ వ్యాసంలో ఎక్కువ భాగం కాకినాడ, యానాం మధ్యనున్న కోరింగ అభయారణ్యం గురించే. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మడ అడవీ, బురదమేటలూ, పాయలూ డెల్టాలో అడవి జీవాలకు అన్నిటికన్నా పెద్ద ఇల్లు. తర్వాత కాకినాడకి ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండు, కోనసీమ తీరం, వరి పొలాలు, పడమటి అంచున కొల్లేరు.

ముందు నెల ఖాయం చేసుకోండి

జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరిలో ఎర్రనీళ్ళు వస్తాయి. వరద బలంగా ఉన్న రోజుల్లో పాటుకి నీళ్ళు సరిగా తీయవు, బురద బయటపడదు, పడవలు కూడా ఆపేస్తుంటారు. ఈ మూడు నెలలూ వదిలేయండి.

అక్టోబరు, నవంబరుల్లో ఉత్తరాది నుంచి వలస పిట్టలు దిగడం మొదలవుతుంది. కానీ ఇవే తుఫాన్ల నెలలు. కాకినాడ పోర్టులో ప్రమాద హెచ్చరిక నంబరు ఎగరేశారని వార్త వస్తే, అది ఒకటో నంబరైనా సరే, పడవ ప్రయాణం వాయిదా వేసుకోండి. కోరింగ ఒకప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుఫాను ఉప్పెన ఊరిని ముంచేసింది. ఆ సముద్రం ఇప్పుడూ అదే.

డిసెంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా అన్నిటికీ మంచి కాలం. వలస పిట్టలు నిండుగా ఉంటాయి, దాళ్వాకి (రెండో పంట వరికి) పొలాల్లో దమ్ములు సాగుతుంటాయి, కొల్లేటి దగ్గర గూడబాతులు గూళ్ళ మీద ఉంటాయి, జనవరి నుంచి సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. తాబేలు పిల్లల్ని చూడాలంటే మార్చి, ఏప్రిల్. ఎండాకాలం వచ్చేవాళ్ళు ఉదయం తొమ్మిది లోపల పని ముగించుకోవాలి. ఆ తర్వాత మనిషీ నీడకే పోతాడు, జంతువూ నీడకే పోతుంది.

ఇంకో మాట. కార్తీక మాసం ఆదివారాలు, సంక్రాంతి మూడు రోజులు, ఆ వెంటనే వచ్చే సెలవులు కోరింగలో వనభోజనాల జనంతో కిటకిటలాడతాయి. పిల్లల్ని తీసుకెళ్ళి మడ చెట్లు చూపించడానికి అవి బాగానే ఉంటాయి. నీటికుక్కని చూడాలనుకుంటే మంగళవారమో బుధవారమో రండి.

పోటు లెక్క కట్టే పద్ధతి

రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. నీళ్ళు ఎక్కడానికి ఆరుగంటల పైన, తీయడానికి ఆరుగంటల పైన. ఈ రోజు ఉదయం 9 గంటలకి పోటు నిండితే రేపు సుమారు 9:50కి నిండుతుంది. అంటే రోజుకి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. వారం తిరిగేసరికి ఆరు గంటలు జరిగి, ఉదయం తొమ్మిదికి నిండుగా ఉన్న కాలువ అదే వేళకి అడుగంటి ఉంటుంది. పోయిన ఆదివారం వెళ్ళిన స్నేహితుడు చెప్పిన వేళ ఈ ఆదివారం మీకు పనికిరాదు.

పోటు ఎంత ఎత్తుకి ఎక్కుతుందన్నది తిథిని బట్టి ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి నాడూ, ఆ తర్వాత రెండు రోజులూ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తీస్తుంది. అష్టమి దగ్గర రెండూ నీరసం. మడ అడవిలో బురద ఎక్కువగా బయటపడి చూడాలంటే అమావాస్య, పౌర్ణమి దాటిన పాడ్యమి, విదియ, తదియలు పట్టుకోండి.

పంచాంగంతో ఇంకో వెసులుబాటు ఉంది. ఒకే చోట ఒకే తిథికి పోటు వేళ దాదాపు ఒకటే. ఈ పక్షం విదియ నాడు ఎప్పుడు నిండిందో రాసుకుంటే వచ్చే పక్షం విదియకి కూడా రమారమి అదే వేళకి నిండుతుంది. అటూ ఇటూ అరగంట తేడా వేసుకోండి. వేటకెళ్ళే మత్స్యకారులు తిథి మాటల్లోనే పోటు చెప్పేది ఇందుకే.

లెక్క ఇలా మొదలుపెట్టండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ వెబ్‌సైట్‌లో ఓడరేవుల పోటుపాట్ల వేళలు ముందుగానే ఇస్తారు. కాకినాడ రేవు వేళ తీసుకోండి. అది సముద్రపు ఒడ్డున వేళ. అక్కడి నుంచి పోటు పాయల్లోకి, చిన్న కాలువల్లోకి ఎక్కడానికి ఇంకా సమయం పడుతుంది. మొగకి (నది సముద్రంలో కలిసే చోటుకి) దగ్గరైతే కాసేపే, లోపలి కాలువలైతే అరగంట నుంచి గంట పైన. చేరగానే ఒక మడ వేరునో, కోరింగ అడవిలో నడవడానికి కట్టిన చెక్కబాట కింది గుంజనో గుర్తు పెట్టుకుని చూడండి. నీటిమట్టానికి పైన దాని మీద తడి మరక కనిపిస్తుంటే పాటు నడుస్తోంది. పొడి చెక్కని నీళ్ళు తాకుతుంటే పోటు నడుస్తోంది. నురగా ఎండాకులూ ఎటూ కదలకుండా నిలబడితే నీళ్ళు తిరగబోతున్నాయి.

ఇక ఏ జీవానికి ఏ వేళ అంటే: బురదమేటల మీది పిట్టలకి పోటు నిండడానికి ముందు రెండు గంటలు. చెక్కబాట మీంచి పీతలూ బురదచేపలూ చూడటానికి పాటు సగం తీసినప్పటి నుంచి మళ్ళీ పోటు మొదలయ్యేదాకా. నీటికుక్కకి, నీటిపిల్లికి పాటు వేళ పొద్దున్నే గానీ సాయంత్రం గానీ పడిన రోజు. పోటు ఉదయం 9, 10 మధ్య నిండే రోజు దొరికితే అంతకన్నా మంచి రోజు లేదు. పొద్దున్న పడవలో పిట్టలు, సాయంత్రం నాలుగు దగ్గర పాటు అడుగుకి వచ్చేసరికి చెక్కబాట. ఒకే రోజులో రెండూ అయిపోతాయి.

వెంట ఏం ఉండాలి

బైనాక్యులర్ తప్పనిసరి. 8 రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది తీసుకోండి. పడవ ఊగుతుంటే 10 రెట్లది చేతిలో నిలవదు, పిట్ట కన్నా ఊపే ఎక్కువ కనిపిస్తుంది.

కాళ్ళకి లేసులు గట్టిగా కట్టుకునే బూట్లు. చెప్పులు బురద లాగేసుకుంటుంది. మడ చెట్ల శ్వాసవేర్లు పెన్సిళ్ళలా బురదలోంచి పైకి పొడుచుకుని ఉంటాయి, ఉత్త కాలికి గుచ్చుకుంటాయి. బట్టలు పొడుగు చేతులవి, మట్టి రంగువో ఆకు రంగువో. తెల్ల చొక్కా అంత దూరం నుంచే పిట్టకి తెలిసిపోతుంది. సాయంత్రానికి దోమలు కమ్ముకుంటాయి, పూసుకునే మందు జేబులో ఉండాలి. మనిషికి రెండు లీటర్ల మంచినీళ్ళు. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. పులిహోర పొట్లం తెచ్చుకున్నా ఆ కాగితం, కవరు మళ్ళీ మీ సంచిలోనే ఇంటికి వెళ్ళాలి. ఫోనుకీ కెమెరాకీ నీళ్ళు చొరని సంచి.

డ్రోన్ తేకండి. అభయారణ్యంలో అనుమతి లేకుండా ఎగరేయడం నేరం, పైగా దాన్ని గద్ద అనుకుని గుంపు గుంపంతా లేచిపోతుంది.

కోరింగ చెక్కబాట మీద

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డులో సుమారు 18 కిలోమీటర్లు. యానాం, తాళ్ళరేవు వైపు వెళ్ళే బస్సులన్నీ ఆ దారినే పోతాయి. దూరం నుంచి రైలులో వచ్చేవాళ్ళకి సామర్లకోట జంక్షన్ అనువు. టికెట్టు కౌంటరు తెరిచే వేళ, పడవలు నడుస్తున్నాయో లేదో ముందురోజే కనుక్కుని, గేటు తీసేసరికి అక్కడ ఉండండి.

జనం చేసే పొరపాటు చెక్కబాట మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేయడం. పావుగంటలో అయిపోతుంది, ఏమీ కనపడదు. ఒక వంపు చూసుకుని, కింద బురద బాగా కనపడే చోట కూర్చోండి. మీ నీడ పడగానే కన్నాల్లోకి దూరిన పీతలు, మీరు మూడు నుంచి ఐదు నిమిషాలు కదలకుండా ఉంటే, ఒక్కొక్కటే బయటికొస్తాయి. ముందు కళ్ళ కాడలు, తర్వాత ఒళ్ళు. పట్టుకారు లాంటి రెండు డెక్కల్లో ఒకటి బాగా పెద్దగా ఉన్నవి మగవి. ఆ పెద్ద డెక్క పైకెత్తి దించుతూ ఆడదాన్ని పిలుస్తుంటాయి. ఆ డెక్క తిండికి పనికిరాదు, చిన్న డెక్కతోనే బురద నోట్లో పెట్టుకుని, తినేది తినేసి మిగతాది ఆవగింజంత ఉండలు చేసి పడేస్తాయి. కన్నం చుట్టూ ఆ ఉండలు తాజాగా ఉంటే పీత లోపలే ఉన్నట్టు.

పక్కనే బురదలో గెంతే చేపలు. వేలెడంత ఉంటాయి, కళ్ళు నడినెత్తిన. ముందు రెక్కలు చేతుల్లా మోపి పాకుతాయి, ఉలిక్కిపడితే ఒక్క గెంతు. ఇవి తడి చర్మం ద్వారా కూడా గాలి పీలుస్తాయి, అందుకే అప్పుడప్పుడూ ఒక పక్కకి దొర్లి ఒళ్ళు తడుపుకుంటాయి. ఒకే చేపని పది నిమిషాలు చూడండి. ఇంకో మగది దాని గీతలోకి వస్తే వీపు మీది రెక్క నిక్కబొడుస్తుంది, నోరు తెరిచి కలబడుతుంది. చిరుతలూ ఏనుగులూ చూసినవాళ్ళు కూడా దీని దగ్గర కూలబడిపోతారు.

చెట్లని కూడా చూడండి. శ్వాసవేర్లు నిలువుగా పొడుచుకొచ్చినది మడ. కొమ్మల నుంచి కమానుల్లా వేళ్ళు దిగినది ఉప్పు పొన్న. మడ ఆకు కొసన నాలుక పెట్టి చూస్తే ఉప్పగా ఉంటుంది, చెట్టు తాగిన ఉప్పుని ఆకు మీదికి నెట్టేస్తుంది. కానీ ఏ ఆకు పడితే ఆ ఆకు తుంచకండి. తిల్ల అనే చెట్టు పాలు చర్మానికి బొబ్బలెక్కిస్తాయి, కంట్లో పడితే చూపు పోయేంత ప్రమాదం. పొరపాటున పడితే రుద్దకుండా మంచినీళ్ళతో బాగా కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పిల్లలకి ఇది ముందే చెప్పి తీసుకెళ్ళండి.

పడవ ఎక్కేముందు, ఎక్కాక

లైఫ్ జాకెట్ వేసుకుని బకిళ్ళన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. గడ్డం దాటి పైకొస్తే అది మీకు పెద్దది, మార్చుకోండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి పదుల మంది పోయారు. జాకెట్ ఉక్కపోతగా ఉందని తీసి పక్కన పెట్టే పని ఏ నీళ్ళ మీదా వద్దు. సముద్రం వైపు వెళ్ళేవాళ్ళు కోస్ట్ గార్డ్ నంబరు 1554 ఫోనులో పెట్టుకోండి.

బేరం అయ్యేటప్పుడే ఒక మాట ఒప్పించుకోవాలి. "బాబాయ్, మేం పిట్టల్ని చూడటానికొచ్చాం, కాలువలోకి వెళ్ళాక ఇంజను ఆపి పాటుకి వదిలేస్తారా?" అని అడగండి. సామాన్యంగా పడవలు జోరుగా వెళ్ళి, ఒక చుట్టు చుట్టి, జోరుగా వచ్చేస్తాయి. ఎక్కువ మంది కోరేది అదే కాబట్టి. అడిగితే మాత్రం సరంగులు సంతోషంగా ఆపుతారు, ఎక్కడ ఏది కూర్చుంటుందో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వాళ్ళు చూపించిన చోట మీ వేలు ఎత్తి చూపకండి. చెయ్యి లేవడం చూస్తే లకుముకి పిట్ట కూడా లేచిపోతుంది. "ఎడమ ఒడ్డు, వాలిన కొమ్మ" అని నోటితో చెప్పుకోండి.

పాటు వేళ ఇరుకు కాలువలోకి వెళ్దామని సరంగుని బలవంతపెట్టకండి. నీళ్ళు తీసేస్తే పడవ బురద మీద కూర్చుంటుంది, మళ్ళీ పోటు వచ్చి లేపేదాకా గంటలకొద్దీ అక్కడే. దిగి నెట్టేద్దాం అనుకుంటే మోకాళ్ళ పైదాకా కూరుకుపోతారు. కూరుకుపోతే నిలబడి కాలు పీక్కోకండి, ఒక కాలు లాగుతుంటే రెండోది ఇంకా దిగుతుంది. వెనక్కి వాలి బరువు పరచుకుని, మెల్లగా ఒక్కో కాలూ వదులు చేసుకోవాలి.

ఉదయం సముద్రం వైపు వెళ్తుంటే ఎండ మొహాన కొడుతుంది, పిట్టలన్నీ నల్లగా కనిపిస్తాయి. గుంపుని దూరంగా దాటించి, అవతల నుంచి వెనక్కి తిరిగి చూడండి.

నీటికుక్క

మగ, ఆడ, పిల్లలు కలిసి కుటుంబంగా తిరిగే జంతువు. ఒకటి కనిపిస్తే చుట్టూ ఇంకో మూడు నాలుగుంటాయని కళ్ళు అక్కడే పెట్టండి. దూరం నుంచి నీటికాకిని చూసి నీటికుక్క అనుకోవడం మామూలు. నీటికాకి మెడ నిలువుగా పైకి ఉంటుంది. నీటికుక్క ఈదుతుంటే బల్లపరుపు తల ఒక్కటే, దాని వెనక రెండు పాయలుగా అల. మునిగేటప్పుడు ముందు తల, తర్వాత విల్లులా వీపు, ఆఖరున తోక.

జంతువు కంటే ముందు దాని గుర్తులు వెతకండి. ఒడ్డున కాస్త ఎత్తైన గట్టు మీద అదే పనిగా ఒకే చోట పెంట వేస్తుంది. తాజాదైతే నల్లగా జిగటగా ఉండి చేపల కంపు కొడుతుంది. ఎండితే బూడిద రంగు, చేప పొలుసులూ పీత డెక్క ముక్కలూ తప్ప ఏమీ ఉండదు. తాజా గుర్తు దొరికిన కాలువకి ఎదుటి ఒడ్డున, గాలి మీ వైపు వీచేలా చూసుకుని, ఒక గంట పడవలో కదలకుండా ఉండండి. మధ్యాహ్నం నుంచి గాలి సముద్రం మీంచి వస్తుంది కాబట్టి అప్పుడు సముద్రానికి మీకూ మధ్య ఆ కాలువ ఉండాలి. సన్నని ఈల వినిపిస్తే అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి. అన్నీ మెడలు సాచి మిమ్మల్నే చూస్తూ బుస్సుమంటే మీరు మరీ దగ్గరికి వచ్చారన్నమాట. పడవ మెల్లగా వెనక్కి తీయించండి.

నీటిపిల్లి

కోరింగకి అసలు గర్వకారణం ఇదే. 2018లో మొదలైన కెమెరా లెక్కింపులో ఇక్కడ 115 నీటిపిల్లులున్నట్టు తేలింది. అయినా ఒక్క ప్రయాణంలో దీన్ని చూసేవాళ్ళు అరుదు. చీకటి జంతువు. చూడగలిగే వేళలు రెండే: పొద్దు పొడిచే ముందూ, పొద్దు గూకాకా. ఆ వేళ పాటు పడితే చిన్న కాలువల మడుగుల్లో చేప చిక్కుబడి ఉంటుంది, పిల్లి ఒడ్డున పొంచి కూర్చుంటుంది.

ఊరి పిల్లికన్నా బాగా పెద్దది, బలిసిన ఒళ్ళు, పొట్టి కాళ్ళు, పొట్టి తోక, గుండ్రని చిన్న చెవులు, ఒంటి మీద వరసల్లో నల్ల మచ్చలు. మచ్చలు లేకుండా పొడుగు కాళ్ళతో, చెవి కొసన చిన్న కుచ్చుతో ఉంటే అది అడవి పిల్లి. రొయ్యల చెరువుల గట్ల మీద కనిపించేవాటిలో ఆ రెండూ ఉంటాయి, నక్క కూడా ఉంటుంది.

పిల్లి కనపడకపోయినా అడుగు కనపడుతుంది. తడి బురద మీద నాలుగు వేళ్ళ గుండ్రని ముద్ర, గోళ్ళ గుర్తు ఉండీ లేనట్టు ఉంటే నీటిపిల్లి కావచ్చు. దీని గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. నాలుగు వేళ్ళూ కోలగా, గోళ్ళు స్పష్టంగా ఉంటే నక్కో కుక్కో. ఐదు వేళ్ళూ, వాటి మధ్య పొర గుర్తూ ఉంటే నీటికుక్క. పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫొటో తీసుకోండి, తర్వాత కొలత తేలుతుంది.

రాత్రిపూట సొంతంగా టార్చిలేసుకుని రొయ్యల చెరువుల గట్ల మీద తిరగకండి. కాపలావాళ్ళు దొంగలనుకుంటారు, కరెంటు తీగలుంటాయి, పాములుంటాయి. ఆ చెరువు యజమాని అనుమతితో, కాపలా మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళడమే మార్గం. మడ నరికి చెరువులు తవ్విన చోటల్లా ఈ పిల్లి చెరువు గట్టు మీదికే రావలసి వస్తుంది, చేప తినేస్తోందని మనిషికి కోపం వస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఇచ్చే జాబితాలో, పెట్టింది. ఊళ్ళో ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ఇది ఉత్త రొయ్యల, కోళ్ళ దొంగ కాదని, ఎలుకల్ని కూడా తింటుందని చెప్పడం చూడటానికి వచ్చినవాళ్ళు చేయగల మేలు.

బురదమేటల మీది వలస పిట్టలు

పాటు వేళ మేటలు మైళ్ళకొద్దీ బయటపడతాయి, ఉల్లంకి పిట్టలు (బురదలో మేసే పొడుగు ముక్కు పిట్టలు) మేత కోసం ఆ మేర అంతా చెదిరిపోతాయి. బైనాక్యులర్‌లో చుక్కలు తప్ప కనపడవు. పోటు ఎక్కుతున్నకొద్దీ మేట కుంచించుకుపోయి పిట్టలన్నీ మిగిలిన నేల మీదికి జరుగుతూ వస్తాయి. మీరు ఆ ఎత్తు నేలకి దూరంగా ముందే వెళ్ళి పడవ ఆపుకుని కూర్చుంటే నీళ్ళే వాటిని మీ వైపు తోలుకొస్తాయి. వాటి వెనకపడి పోవలసిన పని లేదు.

ముక్కుని చూసి మొదలుపెట్టండి. కిందికి వంగిన పొడవాటి ముక్కుంటే కర్లూ, అదే వంపు కాస్త పొట్టిగా ఉండి నెత్తిన చారలుంటే వింబ్రెల్, వంపు లేకుండా తిన్నగా పొడవుగా ఉంటే గాడ్‌విట్. కాళ్ళు ఎర్రగా ఉంటే రెడ్‌షాంక్. గుంపుల్లో గ్రేట్ నాట్ కోసం ప్రత్యేకంగా చూడండి. సైబీరియాలో గుడ్లు పెట్టి ఇంత దూరం వచ్చే ఈ పిట్ట ప్రపంచమంతా తరిగిపోతోంది. ఇంకొకటి ఇండియన్ స్కిమ్మర్: నారింజ రంగు ముక్కులో కింది సగం పై సగం కన్నా పొడవు. నీటికి ఆనుకుని ఎగురుతూ ఆ కింది ముక్కుతో నీళ్ళు చీల్చుకుంటూ పోతుంది. చలికాలంలో దీని గుంపులు దిగే కొద్ది చోట్లలో కాకినాడ తీరం ఒకటి.

గుంపుకి కనీసం వంద మీటర్ల దూరం ఉంచండి. ముందు మేత మానతాయి, తలలు ఎత్తుతాయి, అన్నీ ఒకే వైపు తిరుగుతాయి, నడవడం మొదలెడతాయి. తలలు ఎత్తినప్పుడే ఆగిపోవాలి. పోటు నిండిన వేళ వాటికి వాలడానికి ఇంకో చోటు ఉండదు. ఫొటో కోసం రెండుసార్లు లేపితే వేల మైళ్ళ ప్రయాణానికి దాచుకున్న కొవ్వు ఇక్కడే కరిగిపోతుంది.

సముద్ర తాబేళ్ళు

ఆలివ్ రిడ్లే తాబేలు జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట హోప్ ఐలాండులోనూ, కోనసీమలో అంతర్వేది, సఖినేటిపల్లి వైపు తీరంలోనూ ఒడ్డెక్కుతుంది. నర్సాపురం నుంచి వచ్చేవాళ్ళు గోదావరి వశిష్ఠ పాయని పంటు (బల్లకట్టు పడవ) మీద దాటితే సఖినేటిపల్లి. మాఘంలో అంతర్వేది కల్యాణం రోజుల్లో మాత్రం ఆ తీరానికి తాబేలు కోసం రాకండి, లక్షల జనం, దీపాలు.

దీనికి అటవీ శాఖ మనిషి వెంట ఉండి తీరాలి. ముందుగా వాళ్ళ ఆఫీసులో అడిగి, వాళ్ళు గస్తీకి వెళ్ళే రాత్రి వాళ్ళతో వెళ్ళండి. తెల్ల టార్చి, ఫోను వెలుగు, ఫ్లాష్ ఏవీ వద్దు. ఎర్ర కాగితం చుట్టిన చిన్న లైటు చాలు. తడి ఇసుక వెంటే నడవండి. మీటరుకి కాస్త తక్కువ వెడల్పున, ట్రాక్టరు టైరు జాడలా ఉండి, ఎడమ కుడి అడుగులు ఒకదాని తర్వాత ఒకటి పడ్డ జాడ కనిపిస్తే ఆగిపోండి. తాబేలు ఇంకా పైనే ఉండొచ్చు.

అది గుంట తవ్వుకునేటప్పుడు చాలా బెదురుగా ఉంటుంది. చిన్న కదలిక చూసినా గుడ్లు పెట్టకుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంది. గుడ్లు పడటం మొదలయ్యాకే, గస్తీ మనిషి చెయ్యి ఊపాకే, వెనక వైపు నుంచి వెళ్ళాలి. ఒక్కో గూటిలో నూరు దాకా గుడ్లు, పింగ్‌పాంగ్ బంతుల్లా. పని అయ్యాక వెనక కాళ్ళతో ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ దిమ్మిస వేసినట్టు అదుముతుంది. ఆ చప్పుడు దూరానికి వినిపిస్తుంది.

సుమారు 50 రోజులకి పిల్లలు. ఇవి వెలుతురు ఎక్కువున్న వైపు పరిగెడతాయి. చీకటి తీరాన అది సముద్రమే. లైట్లున్న తీరాన అది రోడ్డు. తెల్లవారుజామున అటవీ శాఖ వాళ్ళు పిల్లల్ని వదిలేటప్పుడు చూడనిస్తారు. చేతుల్లో ఎత్తుకుని నీళ్ళలో వేయకండి, ఇసుక మీద వాటినే నడవనివ్వాలి.

చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన తాబేలు కనిపిస్తే ముట్టుకోకుండా చోటూ వేళా రాసి అటవీ శాఖకి చెప్పండి. ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేక ఊపిరాడక పోయినవే ఎక్కువ.

పొలాల్లో, ఖర్చు లేకుండా

డిసెంబరు, జనవరిల్లో దాళ్వాకి దమ్ము చేస్తుంటే ట్రాక్టరు చక్రం వెనకే తెల్లకొంగలు, గుడ్డికొంగలు, నల్లకంకణాలు వరస కడతాయి. గట్టు మీద బండి ఆపి కిందికి దిగకుండా చూడండి. పిట్టకి బండి అంటే బెదురు లేదు, మనిషి అంటేనే బెదురు. నత్తగుల్ల కొంగని దగ్గరగా చూడటానికి ఇదే చోటు. దాని ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలిపోతుంది. ఆ ముక్కు కొసతో నత్తగుల్ల మూత దగ్గర కండ తెంపి, గుల్ల పగలకుండా మాంసం లాగేస్తుంది. గట్టు మీద చెక్కుచెదరని ఖాళీ గుల్లలు కుప్పగా ఉంటే అది కొంగ భోజనం చేసిన చోటు. రైతు కనిపిస్తే ఒక మాట చెప్పి నిలబడండి, నారుమడిలో అడుగు పెట్టకండి.

కొల్లేటి వైపు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న కొల్లేరుకి 1999లో అభయారణ్యం హోదా, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చాయి. చూడవలసింది కైకలూరు పక్కనే ఉన్న ఆటపాక. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అక్కడ కట్టిన ఇనప స్టాండ్ల మీదా చెట్ల మీదా గూళ్ళు పెడతాయి. నవంబరు నుంచి మార్చి మధ్య ఉదయం ఏడుకల్లా చేరండి. ఇక్కడ పోటు లెక్కతో పని లేదు, ఎండ లెక్కే. పడవని గూళ్ళ స్టాండ్ల కిందికి పోనివ్వకండి. తల్లి లేస్తే పది నిమిషాల ఎండ చాలు, వెంట్రుక కూడా లేని పిల్లకి.

రెండు రోజులు ఉంటే

మొదటి రోజు పోటు ఉదయం తొమ్మిదిన్నర దగ్గర నిండేలా తిథి చూసుకోండి. ముందు రాత్రికే కాకినాడ చేరి, ఏడున్నరకి మేటల వైపు పడవలో ఉండేలా ముందురోజే మాట్లాడుకోండి. పదకొండుకి ఒడ్డుకి, భోజనం, విశ్రాంతి. మూడుకి చెక్కబాట, మూసేదాకా. రెండో రోజు తెల్లవారుజామున నీటికుక్క కాలువ, తర్వాత యానాం మీదుగా కోనసీమ పొలాల్లోకి. సాయంత్రానికి తాబేళ్ళ గస్తీ కుదిరితే సఖినేటిపల్లి వైపు, లేకపోతే కైకలూరులో పడుకుని మర్నాడు పొద్దున్నే ఆటపాక.

రెండు రోజులూ ఒక నోటుబుక్కులో తిథి, పోటు నిండిన వేళ, చోటు, కనిపించింది, కనిపించనిది రాసుకోండి. మళ్ళీ అదే తిథికి వచ్చినప్పుడు ఏ గుంజ దగ్గర నీళ్ళెంత ఉంటాయో ఆ పేజీయే చెబుతుంది.